ఎర్ర పొట్లం, ఎల్లమ్మ అల్లం

మొన్న మా కోడలు అటక మీది సామాను దించుతూ, అడుగంతా నల్లబడి, మూతి దగ్గర సొట్టపడిన అల్యూమినియం కెటిల్ ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. "మామా, పాత సామానోడు గేటు కాడ నిలబడ్డడు, ఇది ఏసేస్తున్న" అంది. అడిగినట్టు లేదు, కబురు చెప్పినట్టు ఉంది. నేను చదువుతున్న పేపరు మడిచి, "దాన్ని తక్కెట్ల ఏస్తే నేను గూడ పోయి అండ్లనే కూసుంట" అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, "మీ బరువుకు ఏమొస్తది మామా, పోనీ ఉండనియ్యిండ్రి" అని నవ్వుకుంటూ లోపలికి పోయింది. అప్పుడే వీధి మలుపులో నీళ్ల క్యాన్ల ఆటో వచ్చింది. రోజూ పొద్దున అదే ఆటో, అదే రికార్డు చేసిన ఆడగొంతు, 'స్వచ్ఛమైన, రుచికరమైన' అని. ఆ రెండు మాటలు వినబడితే నాకు ఒళ్లు మండుతుంది. నీళ్లను క్యాన్లలో పోసి ఊరూరా తిప్పి అమ్ముకోవడం ఏం కాలమండీ ఇది! ఈ మాట మీద నేను వీధిలో ఎవరితోనైనా గంటసేపు కొట్లాడగలను. కొట్లాడాను కూడా. అయితే ఆ కెటిల్ ఎదురుగా ఉండగా మాత్రం ఆ పొద్దు నోరు లేవలేదు. ఎందుకంటే ఆ పని ఈ ప్రాంతంలో అందరికంటే ముందు చేసినవాణ్ని నేనే. పైగా చేస్తున్నానని తెలియకుండా చేసినవాణ్ని.

నాకు బడి అయిదో తరగతితో తెగిపోయింది. ఆ తరువాత చదువంతా పల్లీలు కట్టిచ్చే కాగితాల మీద. జడ్చర్లలో నూనె మిల్లు వెనక ఒంటిగదిలో కిరాయికి ఉండేవాళ్లం, బాపు, నేను, నా పెండ్లాం సత్తెమ్మ. ఇరవై నాలుగ్గంటలూ పల్లి చెక్క వాసన. కూరలో అదే వాసన, దుప్పట్లో అదే వాసన, కొత్త బట్టలు కుట్టించుకుంటే రెండో రోజుకు వాటిలోనూ అదే. బాపు పొద్దున్నే గడప మీద కూర్చుని చాయ్‌ను సాసర్లో పోసుకొని, పక్కవీధికి వినబడేటట్టు చప్పుడు చేస్తూ తాగేవాడు. తాగినంక సాసర్‌ను ఎండకు ఎత్తి చూసేవాడు, ఏదో రాసి ఉన్నట్టు. నేను మాత్రం చిత్తుకాగితాల్లోంచి ఏరుకున్న పెద్ద పెద్ద మాటలు నోట్లో తిప్పుకుంటూ ఉండేవాణ్ని. 'సువాసనాభరితమైన', 'అవినాభావ సంబంధం', 'యావదాంధ్ర ప్రజానీకం'. ఇటువంటి మాటలు వచ్చినవాడు సైకిల్ మీద బ్రెడ్డు అమ్మకూడదని నాకు గట్టి నమ్మకం ఉండేది. బ్రెడ్డు కంపెనీకీ అదే నమ్మకం కలిగేటట్టు చేశాను. ఒక హెడ్మాస్టరు గారు బ్రెడ్డు ఎండిపోయింది అన్నందుకు, అది ఎండలేదని ఆయన గడపలో ముప్పావుగంట నిరూపించాను. అప్పటికి నిజంగానే ఎండిపోయింది. ఆ ఉద్యోగం పోయాక గోలీసోడాల డెలివరీకి కుదిరాను. అక్కడ ఒక బర్రెతో ఢీకొన్నాను. తప్పు బర్రెదేనని నేటికీ నా వాదన.

మూడోది చాయ్‌పత్తి కంపెనీ. మా బావమరిది ఎవరి కాళ్లో పట్టుకొని ఇప్పించాడు. ఇప్పించేటప్పుడే సత్తెమ్మ ముందర నిలబెట్టి, "ఇది గూడ పోగొట్టుకుంటే నేను మల్ల ఎవలనూ అడుగ బావా. నా చెల్లెను మా ఇంటికి తోల్కపోత" అన్నాడు. సత్తెమ్మ తల వంచుకొని బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉంది. కాదనలేదు. అదీ నన్ను భయపెట్టింది. కంపెనీవాళ్ల షరతు ఏమంటే ఆరు నెలలు చూస్తారు. నాలుగో నెంబరు లైను, అంటే జడ్చర్ల నుంచి కల్వకుర్తి మీదుగా దేవరకొండ దాటి అవతలి పల్లెల దాకా, కంపెనీ ఎర్ర చాయ్ పొట్లాన్ని అమ్మి నిలబెడితే పర్మినెంటు చేస్తారు. నిలబెట్టకపోతే వ్యాను దిగి ఇంటికి పోవాలి. నాకంటే ముందు ఇద్దరు ఆ లైను మీద ఓడిపోయి పోయారట. అది విని నాకు భయం వేయాలి గదా? వేయలేదు. వాళ్లకు 'సువాసనాభరితమైన' రాదు గదా అనుకున్నాను.

పని ఇట్లా ఉండేది. ఎర్ర రంగు వేసిన వ్యానులో పొట్లాల పెట్టెలు, ఒక పంపు స్టవ్వు, ఈ కెటిల్, పన్నెండు చిన్న గాజు గ్లాసులు. ఊళ్లోకి పోగానే కిరాణా కొట్టు ముందరో హోటల్ ముందరో స్టవ్వు వెలిగించి, పదిమంది చేరేదాకా దాన్ని గుయ్యిమనిపించాలి. తరువాత చాయ్ కాచి, ఊరికే తాగించి, రుచి ఒప్పుకున్నాక పొట్లాలు దించాలి. చాయ్ కాచే పద్ధతి కంపెనీవాళ్లు అచ్చువేసిన కాగితం మీద ఇచ్చారు. నీళ్లు తెర్లాలి, పత్తి వేయాలి, మూడు నిమిషాలు మూత పెట్టాలి, పాలు కలపాలి. అల్లం వద్దు, సొంఠి వద్దు, పత్తి వేశాక మరగబెట్టవద్దు, ఆకు అసలు రుచి పోతుంది. ఆ కాగితాన్ని నేను వేదంలాగా వల్లించాను. దాని ముందు నా సొంత ఉపన్యాసం ఒకటి చేర్చుకున్నాను. ఇంట్లో బాపు ముందర నిలబడి, చీపురుకట్టను స్టవ్వు అనుకొని, "అమ్మలారా, అయ్యలారా! మంచు తెరల నడుమ, నీలి కొండల ఒడిలో పుట్టిన సువాసనాభరితమైన..." అని మొదలుపెడితే, బాపు సాసర్ దించి, "ఎంతసేపురా?" అని అడిగాడు. "ఏడు నిమిషాలు బాపూ." "గంతల మూడుసార్లు తాగొచ్చు" అన్నాడు. సత్తెమ్మ కొంగు నోట్లో కుక్కుకొని గది అవతలికి పోయింది. నాకు రోషం వచ్చింది. వీళ్లకు భాష విలువ తెలియదని రెండు రోజులు ముభావంగా తిన్నాను. మానలేదు, తిన్నాను.

వ్యాను నడిపేది జహంగీర్. నాకంటే పదేళ్లు పెద్ద. మితభాషి, మోకాలు మీద చెయ్యి వేసుకొని నడిపేవాడు. అతనికి కడుపునొప్పి. ఊరూరి నీళ్లు పడవని, మంగళవారం లైను బయలుదేరే ముందు అత్తగారి ఊళ్లో బావి నీళ్లు రెండు తెల్ల క్యాన్లలో నింపుకొని సీటు వెనక పెట్టుకునేవాడు. జడ్చర్ల పక్కనే ఆ ఊరు. తియ్యటి నీళ్లు. మొదటి వారం, దేవరకొండ దాటాక ఒక పల్లెలో, చాయ్‌కు నీళ్లు కావలసివచ్చింది. బోరింగు దగ్గర ఇరవై బిందెల వరుస ఉంది. ఆడవాళ్ల వెనక కెటిల్ పట్టుకొని నిలబడడం నా హోదాకు తక్కువ అనిపించింది. "జహంగీర్ భాయ్, నీ క్యాన్ల నుంచి జర పోస్త" అన్నాను. అతను ఏదో అనబోయి, "పోస్కో అంజన్నా" అన్నాడు. ఆ పొద్దు చాయ్ తాగినవాళ్లు తాగినట్టే నిలబడిపోయారు. ఒక ముసలాయన గ్లాసులో అడుగున మిగిలినదాన్ని వేలితో తీసి నాకాడు. పెట్టె పొట్లాలు పావుగంటలో అయిపోయాయి. నేను వ్యాను ఎక్కి, "చూసినవా భాయ్, మాట పవర్" అన్నాను. జహంగీర్ రోడ్డు వంకే చూస్తూ, "మాట గూడ మంచిగనే ఉన్నది" అన్నాడు. ఆ 'గూడ'ను నేను పట్టించుకోలేదు.

ఇక అప్పటినుంచి ప్రతి ఊళ్లోనూ ఆ క్యానే. అలవాటైపోయింది, ఆలోచించలేదు. చాయ్‌కే కాదు. గ్లాసులు కడగడానికీ అవే నీళ్లు. కంపెనీ కాగితం మీద 'గ్లాసులు జనం చూస్తుండగా శుభ్రంగా కడగవలెను' అని రాసి ఉండేది. నేను మరింత శ్రద్ధగా, ఒక్కొక్క గ్లాసులో సగం దాకా పోసి, గిరగిర తిప్పి, చెయ్యి పైకెత్తి మట్టిలోకి విసిరేవాణ్ని. ఎండలో ఆ నీళ్లు మెరిసేవి. జనం నా చేతి వంక చూస్తున్నారని మురిసిపోయేవాణ్ని. వాళ్లు దేని వంక చూస్తున్నారో తెలియడానికి నాకు ఏడు వారాలు పట్టింది.

రాళ్లచెల్క అని ఒక ఊరు. రోడ్డు మీదే ఎల్లమ్మ హోటల్. రేకుల పందిరి, మట్టి పొయ్యి, రెండు బల్లలు. లోపల నులకమంచం మీద ఆమె భర్త మల్లయ్య. ఒకప్పుడు చుట్టుపక్కల సగం బావులు తవ్వినవాడట. నేను చూసేనాటికి నడుము వంగిపోయి, మోకాళ్లు రెండూ లోపలికి తిరిగి, ఎవరైనా లేపితే తప్ప లేవలేని స్థితి. ఆ ఊళ్లో అటువంటివాళ్లు ఇంటికొకరు ఉండేవారు. పిల్లల పండ్లు పచ్చగా, గోధుమరంగు చారలతో ఉండేవి. ఫ్లోరిన్ నీళ్లని అందరికీ తెలుసు. నాకూ తెలుసు, పేపర్లో చదివాను, ఆ ముక్క మీద జడ్చర్ల చౌరస్తాలో ఆవేశంగా మాట్లాడాను కూడా. అయితే పేపర్లో చదివిన నీళ్లకూ, నేను చాయ్ కాచే ఊరికీ 'అవినాభావ సంబంధం' ఉందని నా బుర్రకు తోచలేదు.

ఎల్లమ్మ చాయ్‌కు ఆ రోడ్డు మీద పేరుండేది. రాళ్ల క్వారీ కూలీలు, లారీ డ్రైవర్లు దాని కోసమే ఆగేవారు. విడి చాయ్‌పత్తి, దంచిన అల్లం గుప్పెడు, బెల్లం ముక్క ఒకటి, సగానికి ఇగిరేదాకా మరిగించి, చివరికి పాలు. అల్లం ఘాటు, పొయ్యి పొగ, మాడిన బెల్లం కలిసిన ఆ వాసన వ్యానులో కూర్చున్నవాడికి ఊరు రాకముందే తగిలేది. నేను దిగి, పదిమంది ముందర ఆ గిన్నెలోకి తొంగి చూసి, "ఇది చాయ్ కాదమ్మా, దగ్గు మందు" అన్నాను. అక్కడితో ఆగానా? స్టవ్వు వెలిగించి, మంచు తెరలూ నీలి కొండలూ అన్నీ అయ్యాక, నా చాయ్ ఒక గ్లాసు ఆమెకిచ్చాను. తాగి, కళ్లు మూసుకుంది. తరువాత గ్లాసు వంక చూసి, "గిది మా ఊళ్ల వస్తదా సారూ?" అంది. "ఎందుకు రాదు? కాగితం మీద ఉన్నట్టు చెయ్యి. మరగబెట్టకు. అల్లం అవతల పారెయ్యి. మిగిలిందంతా చేతిల ఉంటది" అన్నాను. ఆమె నా మాట నమ్మింది. పాపం, అదీ ఆమె చేసిన తప్పు. విడి పత్తి మానేసి ఎర్ర పొట్లం తీసుకుంది. అల్లం మానేసింది. పందిరికి మా కంపెనీ రేకు బోర్డు నేనే కొట్టాను, సుత్తితో బొటనవేలు చితగ్గొట్టుకొని మరీ.

మరుసటి వారం పోతే, "సారూ, వస్తలేదు" అంది. "ఏం వస్తలేదు?" "గా రుచి. పాలు ఇరుగుతున్నయి. పైన తెట్టె కడుతున్నది." నేను స్టవ్వు తీసి, నా క్యాను, నా కెటిల్, మళ్లీ చేసి చూపించాను. అమృతం. అందరి ముందర, "నీళ్లు ఎక్కువసేపు తెర్లుతున్నయి, నీకు ఓపిక లేదు" అని ఆమెను కోప్పడ్డాను. మూడో వారం గిన్నె తోమడం రాదన్నాను. నాలుగో వారం పాలల్లో తప్పుందన్నాను. ఆమె ప్రతివారం పొయ్యి పక్కన గొంతుకూర్చుని, నా చేతులవంకే చూస్తూ ఉండేది. ఆమె బల్లల మీద మనుషులు తగ్గిపోతూ వచ్చారు. లారీలు ఆగకుండా పోయి బస్సులు ఆగే దగ్గరి హోటల్ ముందర ఆగేవి. ఒక లారీ డ్రైవరు పోతూ పోతూ, "ఎల్లమ్మా, నీ పాత చాయ్ సచ్చిపోయిందా?" అని కేకవేసి పోయాడు. అయిదో వారానికి రెండు బల్లల్లో ఒకటి అమ్మేసింది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ హోటల్ మీదనే అని నాకు తెలుసు. తెలిసీ, వారం వారం పంపే రిపోర్టులో రాళ్లచెల్క ఎదురుగా నేను ఏమి రాశానో తెలుసా? 'శిక్షణ ఇచ్చుచున్నాను' అని రాశాను. ఆ 'చుచున్నాను' రాసినందుకు అప్పుడు ఎంత గర్వపడ్డానో, ఇప్పుడు తలచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

నిజానికి ఒక్క రాళ్లచెల్కే కాదు. లైను పొడుగునా అదే కథ నడుస్తోంది. మొదటి వారం పెట్టెలు పెట్టెలు పోయేవి, రెండో వారం నుంచి కొట్లలో పొట్లాలు అట్లనే ఉండేవి. నేనేమో ఉపన్యాసం పదకొండు నిమిషాలకు పెంచాను. ఇంట్లో సత్తెమ్మ అడగకుండానే, "బాగనే నడుస్తున్నది" అని చెప్పేవాణ్ని. ఆమె, "నేను అడుగలే గదా" అనేది.

ఎనిమిదో వారం మేనేజరు గారు లైను చూడడానికి వస్తానన్నారు. కోస్తా మనిషి, తెల్ల ప్యాంటు, జేబులో రెండు పెన్నులు. ఆయన ఒప్పుకుంటే నేనుంటాను, లేకపోతే సత్తెమ్మ మూట కట్టుకుంటుంది. అంత స్పష్టం. అటువంటి రోజున, మిగిలిన ఊళ్లన్నీ దాటించి, ఆయన్ని తిన్నగా రాళ్లచెల్కకు తీసుకుపోయాను. నా బోర్డు ఉన్నది అక్కడే గదా! జనం బాగానే చేరారు. నేను స్టవ్వుకు గాలి కొట్టి, ఉపన్యాసం పూర్తిచేసి, వ్యానులోని క్యాను కోసం వెనక్కి తిరిగాను. ఎల్లమ్మ అడ్డంగా నిలబడి ఉంది. నెత్తి మీద కుండ.

"సారూ, ఏడు వారాల సంది చూస్తున్న. పొయ్యి నీదే, గిన్నె నీదే, పత్తి నీదే, నీళ్లు గూడ నీవే. నా ఇంట్ల మల్ల నాదేముంటది? ఇయ్యాల నీళ్లు నాయి తీస్కో."

"ఏ నీళ్లయితే ఏంది ఎల్లమ్మా, చేతిల ఉంటది అని చెప్పలే?"

"గదే చూద్దాం సారూ. చెయ్యి నీదే గదా."

జహంగీర్ వచ్చి నా చొక్కా పట్టి లాగాడు. "అంజన్నా, వద్దు. నా మాట ఇను" అన్నాడు చిన్నగా. నేను విదిలించుకున్నాను. మేనేజరు గారి ముందర డ్రైవరు నా చొక్కా లాగడం ఏమిటి! కుండలోంచి నీళ్లు కెటిల్‌లో పోశాను. తెర్లాయి. పత్తి వేశాను. మూడు నిమిషాలు గడియారం చూశాను. పాలు పోయగానే చిన్న చిన్న తునకలుగా విరిగి పైకి తేలాయి. రంగు చూస్తే వానకు తడిసిన గోడ రంగు. పైన సన్నటి పొర, దాని మీద సూర్యుడి వెలుగు రంగురంగులుగా. మొదటి గ్లాసు మేనేజరు గారికే ఇచ్చాను, ఇవ్వకుండా ఎట్లా కుదురుతుంది? ఆయన ఒక గుటక నోట్లో పట్టుకొని, మింగలేక, ఊయలేక, పక్కకు తిరిగి ఉమ్మేశారు. "ఏమిటయ్యా అంజయ్యా ఇది? మన టీయేనా?" అన్నారు. వెనకనుంచి ఎవడో, "సారు ఇయ్యాల చెయ్యి ఇంటికాడ మర్సొచ్చిండు!" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. పిల్లలు పచ్చటి పండ్లు బయటపెట్టి నవ్వారు. నేను నిలబడ్డచోటే నిలబడి, మంచు తెరల్లోకి మాయమైపోతే బాగుండుననుకున్నాను.

నవ్వనిది ఎల్లమ్మ ఒక్కతే. "జరుగు సారూ" అని నన్ను పక్కకు జరిపి, కెటిల్ ఒంపేసి, తన గిన్నె తన పొయ్యి మీద పెట్టింది. అవే నీళ్లు, అదే ఎర్ర పొట్లం. కొంగులోంచి అల్లం తీసి రాతి మీద దంచింది. బెల్లం ముక్క వేసింది. సగానికి ఇగిరేదాకా కదలలేదు. అంతసేపూ ఎవరూ పోలేదు. పాలు చివరికి, అదీ పొయ్యి మీంచి దించాక, కొంచెం కొంచెంగా కలిపి, చేతి పొడుగున ఎత్తి పోసి తీసింది. మేనేజరు గారు అనుమానంగానే అందుకున్నారు. తాగి, రెండో గ్లాసు అడిగారు. "అమ్మా, విరగలేదేం?" అన్నారు. "మా నీళ్లకు ఏం గావాల్నో నాకు ఎర్క సారూ. వీటితోనే సంసారం జేస్తున్న గదా. గా సారు వచ్చి వద్దన్నడు, సదువుకున్నోడు గదా అని ఇడిసిపెట్టిన" అంది. ఆ 'సదువుకున్నోడు' నా మీద పడినంత బరువుగా బోర్డు కొట్టిన సుత్తి కూడా పడలేదు.

ఏం చేయాలో తోచక, చేతులకు పని కావాలి గనుక, నేను అలవాటుగా క్యాను వంచి గ్లాసులు కడగడం మొదలుపెట్టాను. మొదటి గ్లాసు తిప్పి విసరబోతుంటే ఎల్లమ్మ నా మణికట్టు పట్టుకుంది. "పారబోయకు సారూ." నేను ఆగాను. ఆమె ఆ గ్లాసు తీసుకొని, కడిగిన నీళ్లే, నోట్లో పోసుకుంది. కాసేపు మింగలేదు. "గిట్లుంటయా నీళ్లు!" అంది. అది నాతో అన్నది కాదు. తరువాత క్యాను వంక చూసి, "జర ఇస్తవా? చాయ్‌కు గాదు, మా ఆయనకు" అని అడిగింది. ఏడు వారాలు ఆ మనుషుల కళ్ల ముందర నేను మట్టిలో విసిరిన నీళ్లు ఎన్ని గ్లాసులో లెక్కపెట్టుకునే ధైర్యం నాకు ఈనాటికీ లేదు. క్యాను నేనే మోసుకొని లోపలికి పోయాను. మల్లయ్య గ్లాసు రెండు చేతులతో పట్టుకొని, చిన్న గుటక వేసి, నాలుకతో అంగిలి తట్టి చూసుకున్నాడు. "ఇది పై ఊట. రాయి తగలకముందే పడ్డది. ఎవడు తవ్విండోగని, ఆగాల్సిన కాడ ఆగిండు" అన్నాడు. నా బతుకులో మొదటిసారి ఒక మాట కూడా దొరకలేదు.

తిరుగు ప్రయాణంలో దేవరకొండ దాకా వచ్చాం. చివరికి నేనే ఆగలేక, "భాయ్, నీకు ముందే ఎర్కనా?" అని అడిగాను. "ఎర్కనే." "మరి చెప్పలే?" "నువ్వు మాట్లాడుడు ఆపితే గదా అన్నా." మేనేజరు గారు కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వు ఆపుకున్నారు. అంటే ఏడు వారాల పాటు నేను ఊరూరా నీళ్లు తిప్పి, నీళ్ల రుచి చూపించి, చాయ్‌పత్తి అమ్ముతున్నాననుకున్నాను. ఆయన దిగేటప్పుడు, "ఆ ఉపన్యాసం మానెయ్. కంపెనీ కాగితం కూడా లోపల పెట్టు. వచ్చే వారం నుంచి ఆవిడ దగ్గర నేర్చుకో, నేర్చుకున్నది మిగతా ఊళ్లలో చెయ్. ఎక్కడి నీళ్లు అక్కడివే వాడు" అన్నారు. అంతే. ఉద్యోగం ఉన్నట్టా, పోయినట్టా అని అడగడానికి కూడా నాకు భయం వేసింది. ఇంటికి పోయి సత్తెమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె చాలాసేపు నవ్వింది. నవ్వి, "మరి అల్లం తేవద్దా?" అని సంచి అందుకుంది. మూట కట్టదని అప్పుడు తెలిసింది.

ఆ తరువాత పదకొండేళ్లు ఆ లైను మీద తిరిగాను. నీలి కొండలు మానేశాను. ఊరికి పోగానే ముందు ఆ ఊరి నీళ్లు అడిగి తాగేవాణ్ని. ఉప్పు నీళ్లయితే ఒక తీరు, చౌడు నీళ్లయితే ఒక తీరు, బెల్లం ఎంత, పాలు ఎప్పుడు, అన్నీ ఎల్లమ్మ చెప్పినవే. ఎల్లమ్మ రెండో బల్ల మళ్లీ కొన్నది. లారీ డ్రైవర్లు తిరిగి వచ్చారు, నన్ను చూస్తే చెయ్యి ఊపి, "సారూ, చెయ్యి తెచ్చినవా?" అనేవారు. పడ్డాను. పడవలసిందే. జహంగీర్ తన రెండు క్యాన్లకు తోడు మూడోది కొన్నాడు. మంగళవారం మంగళవారం అది రాళ్లచెల్కలో దిగేది. వారానికి ఒక క్యాను. దానితో మల్లయ్య నడుము నిలబడలేదు, నిలబడదని మాకూ తెలుసు, అతనికీ తెలుసు. మూడేళ్లకు పోయాడు. పోయినంక కూడా ఎల్లమ్మ క్యాను వద్దనలేదు. బడికి పోయే పిల్లలకు తలా ఒక గ్లాసు పోసేది. కంపెనీ మూతపడి వ్యాను ఆగిన వారం, క్యాను పోలేదు. నేను పోయి చెప్పి రావలసింది. బస్సుకు మూడు గంటల దారి. మొహం చెల్లక పోలేదు. ఏ ఉపన్యాసమూ చేయనవసరం లేదు, ఇక రాదని ఒక్క మాట చెప్పడానికి. అదీ చెప్పలేకపోయాను. ఇంత మాటకారినని చెప్పుకుంటాను.

ఇప్పుడు ఆ ఊళ్లలో కూడా కృష్ణా నీళ్లు నల్లాల్లో వస్తున్నాయంటున్నారు, రావాలి కూడా. అంతమంది నడుములు వంగిపోయాక వచ్చాయి. దాని మీద నాకున్న కోపం నన్ను తగలబెట్టేవరకు చల్లారదు. ఆ కోపంలో నన్ను కూడా కలుపుకొనే ఈ మాట అంటున్నాను.

మొన్న కోడలు అటక మీంచి దించిన ఆ పొద్దే కెటిల్ తోమి పొయ్యి మీద పెట్టాను. క్యాన్ల ఆటో నడిపే సైదులు అరుగు మీద చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడు. నలభై ఏళ్లుంటాయి. భుజం మీద క్యాన్ల ఒరిపిడికి కాయ కట్టింది. రోజూ నాతో తిట్లు తినేవాణ్ని లోపలికి పిలిచి చాయ్ పోస్తానంటే భయపడ్డాడు. తన క్యాను నీళ్లతోనే చేశాను. అల్లం దంచాను, బెల్లం వేశాను, సగానికి ఇగిరించాను. తాగి, "మంచిగుంది బాపూ. గని నీళ్లు మంచియే గదా, గింత అల్లం ఎందుకు?" అన్నాడు. నాకు వేరే చాయ్ రాదని చెప్పలేదు. అతను లేచి, గ్లాసులో క్యాను నీళ్లు పట్టి, గిరగిర తిప్పి, చెయ్యి వీధివైపు ఎత్తాడు.

"పారబోయకు సైదులూ" అన్నాను. ఇంట్లో కోడలు ఉలిక్కిపడేంత గట్టిగా అన్నాను.

"గ్లాసెడు నీళ్లే గదా బాపూ. నా ఆటో నిండ ఉన్నయి."

అతను నన్నూ, గ్లాసునూ మార్చి మార్చి చూసి, ముసలాయనతో ఎందుకులే అనుకున్నాడేమో, ఆ కడిగిన నీళ్లు గటగట తాగేసి గ్లాసు నా చేతికిచ్చి పోయాడు.